చుక్కలు వేశాక కాదు, అంతకు ముందే కాగితం ఇవ్వండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మా ఊరి బస్టాండు ఎదుటి గోడ మీద, ఆటోల వెనకాల, ఉగాదికి ఉచితంగా పంచే పంచాంగాల అట్టల మీద కూడా ఇప్పుడు కంటి ఆసుపత్రుల ప్రకటనలే కనిపిస్తున్నాయి. కుట్టు లేదు, కట్టు లేదు, పది నిమిషాల్లో శుక్లం మాయం అన్నది వాటన్నిటి సారాంశం. అందులో అబద్ధమేమీ లేదు. గత రెండేళ్లలో మా కుటుంబంలో ముగ్గురం, అంటే మా అక్కగారు, బావగారు, నేను, ఈ ఆపరేషన్ చేయించుకున్నాం. ముగ్గురికీ చూపు వచ్చింది. అయితే ఆ పది నిమిషాలకు ముందు ఇంట్లోనూ ఆసుపత్రిలోనూ జరగవలసిన పని రెండు మూడు వారాలది. ఆ పనేమిటో రోగికి తెలుగులో, తీరిగ్గా, చదువుకోగలిగినంత పెద్ద అక్షరాల్లో చెప్పే ఏర్పాటు మేము వెళ్లిన ఆసుపత్రుల్లో లేదు. అది ఉండవలసిన అవసరాన్ని మీ పత్రిక ద్వారా నలుగురి దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా నాకు జరిగింది చెబుతాను. ఆసుపత్రి పేరు రాయడం లేదు, ఎందుకంటే డాక్టరు గారి చేతిపనిలో నాకు ఏ లోపమూ కనబడలేదు, పైగా ఇది ఆ ఒక్క ఆసుపత్రి అలవాటు కాదని తరువాత పదిమందిని అడిగి తెలుసుకున్నాను. ఆపరేషన్ రోజు ఉదయం ఏడున్నరకు మమ్మల్ని వరుసగా కుర్చీల్లో కూర్చోబెట్టి, పచ్చ టోపీలు పెట్టి, నర్సమ్మ పది నిమిషాలకోసారి వచ్చి కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేసి వెళ్లేది. మూడో విడత చుక్కలు పడేసరికి ఎదురుగా గోడగడియారం ముళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, ట్యూబులైటు చుట్టూ తెల్లటి మంచు పట్టినట్టయింది. సరిగ్గా అప్పుడు ఒక కుర్రవాడు అట్టకు క్లిప్పు పెట్టిన అంగీకార పత్రం తెచ్చి ఒళ్లో పెట్టాడు. మూడు పేజీలు, ఇంగ్లీషు, మందుల సీసా మీద ఉండేటంత అక్షరాలు. ఐదు చోట్ల పెన్సిలుతో ఇంటూ గుర్తులున్నాయట; ‘ఉన్నాయట’ అని ఎందుకంటున్నానంటే అవి నాకు కనిపించలేదు, ఆ కుర్రవాడే నా వేలు పట్టుకుని చూపించాడు. కళ్లజోడు అప్పటికే మా ఆవిడ సంచిలోకి వెళ్లిపోయింది. చదవలేకపోతున్నాను నాయనా అంటే, ‘ఏం లేదు సార్, ఫార్మాలిటీ, అందరూ పెడతారు’ అన్నాడు. ముప్పై నాలుగేళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసి, ప్రశ్నపత్రం రెండుసార్లు చదవనిదే కలం ఎత్తొద్దని వేలమంది పిల్లలకు చెప్పిన వాణ్ణి, ఒక్క అక్షరం చదవకుండా ఐదు సంతకాలు పెట్టాను.

ఇంటికి వచ్చాక, పదిహేను రోజులు గడిచి చూపు కుదురుకున్నాక, ఆ పత్రం నకలు అడిగి తెచ్చుకుని చదివాను. చదివితే కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే ఆ మూడు పేజీల్లో ఉన్నదంతా మంచి సంగతే. కంట్లో చీము పట్టే ప్రమాదం అరుదుగానైనా ఉంటుందని, శుక్లం తీశాక లోపల పెట్టే కృత్రిమ లెన్సును నిలబెట్టే పల్చటి సంచి ఆపరేషన్‌లో చిరిగే అవకాశం ఉందని, అలా జరిగితే ముందు అనుకున్న లెన్సు పెట్టలేకపోవచ్చని, రెటీనా, అంటే కంటి వెనక బొమ్మ పడే పొర, ముందే దెబ్బతిని ఉంటే శుక్లం తీసినా పూర్తి చూపు రాకపోవచ్చని, కొన్ని నెలలకో ఏళ్లకో ఆ సంచికే మళ్లీ మసక పట్టి లేజర్ చేయవలసి రావచ్చని అందులో స్పష్టంగా రాశారు. మన ఇళ్లలో ‘మళ్లీ శుక్లం వచ్చింది, మొదటి డాక్టరు సరిగా తీయలేదు’ అని తిట్టుకునేది ఈ చివరిదాని గురించే. తీసేసిన శుక్లం తిరిగి రాదు, వచ్చింది సంచికి పట్టిన మసక, యాగ్ లేజరుతో కొద్ది నిమిషాల్లో పోతుంది. వీటితోపాటు, వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చెప్పాననీ, పడని మందుల వివరం ఇచ్చాననీ నేనే ఒప్పుకున్నట్టు ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం పదిహేను రోజుల ముందు తెలుగులో మా ఇంటికి వచ్చి ఉంటే మా బావగారి ఆపరేషన్ నలభై నిమిషాలు పట్టేది కాదేమో.

బావగారికి డెబ్బై నాలుగేళ్లు. ఆపరేషన్‌కు ముందు కౌన్సెలరు అమ్మాయి ఆయన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘తాతగారూ, బీపీ, షుగర్ ఉన్నాయా?’ ఆయనకు బీపీ ఉంది, షుగరు లేదు, అదే చెప్పారు. రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేవవలసి వస్తోందని ప్రోస్టేటు కోసం రెండేళ్లుగా వేసుకుంటున్న టామ్సులోసిన్ బిళ్ల సంగతి ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. మూత్రం బిళ్లకూ కంటికీ ఏం సంబంధం ఉంటుందని ఎవరైనా అనుకుంటారు? సంబంధం ఉంది. ఆ మందు మూత్రమార్గపు కండరాన్ని ఎలా వదులు చేస్తుందో కనుపాపను వెడల్పు చేసే కండరాన్నీ అలాగే పట్టు తప్పేలా చేస్తుంది. దాంతో చుక్కలు వేసినా కనుపాప సరిగా తెరుచుకోదు, తెరుచుకున్నా ఆపరేషన్ మధ్యలో ముడుచుకుపోతుంది, కనుపాప చుట్టూ ఉండే రంగు పొర తడిసిన గుడ్డలా అల్లాడుతుంది. 2005లో అమెరికా వైద్యులు ఇద్దరు ఈ సంగతిని మొదటిసారి వివరించి రాశారు కాబట్టి, ఇది కంటి వైద్యులకు తెలియని విషయం కాదు. ముందుగా తెలిస్తే సర్జను అందుకు తగిన మందునూ, కనుపాపను తెరిచి పట్టే చిన్న కొక్కేలనూ దగ్గర పెట్టుకుంటారు. తెలియకపోతే ఆపరేషన్ మధ్యలో వెతుక్కోవాలి. మా బావగారి విషయంలో జరిగింది అదే. కన్ను దక్కింది, చూపూ వచ్చింది, కానీ వాపు తగ్గి స్పష్టత రావడానికి నెలన్నర పట్టింది. తరువాత ఆ డాక్టరు గారే ‘ఈ బిళ్ల సంగతి ముందు చెప్పాలి కదండీ’ అంటే, బావగారు ‘మీరు అడగాలి కదండీ’ అన్నారు. ఇద్దరి మాటా నిజమే. ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి: ఆ బిళ్ల ఎప్పుడో మానేసినవారికీ ఈ ఇబ్బంది రావచ్చు కాబట్టి, పాత వాడకం కూడా చెప్పాలి, అలాగని ఎవరికి వారు మానేయడం వల్ల లాభం లేదు, మూత్రం బిగిసి మరో ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తుంది.

రక్తం పల్చబడే మందుల విషయంలో ఇంతకు రెట్టింపు గందరగోళం ఉంది. గుండెకు స్టెంటు వేయించుకున్నవారు, పక్షవాతం వచ్చి తగ్గినవారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి ఏళ్ల తరబడి వేసుకుంటారు. ‘ఆపరేషన్ కదా, రక్తం ఆగదేమో’ అని ఇంట్లో వాళ్లే వారం ముందు నుంచి ఆపేసిన సందర్భాలు నాకు తెలిసినవే రెండున్నాయి. శుక్లం ఆపరేషన్ ఇప్పుడు ఎక్కువగా నల్లగుడ్డు (కార్నియా) అంచున రెండు మూడు మిల్లీమీటర్ల కోతతో జరుగుతుంది. నల్లగుడ్డులో రక్తనాళాలే ఉండవు. చుక్కల మత్తుతో చేసేటప్పుడు ఈ మందులు ఆపవలసిన అవసరం సాధారణంగా రాదు. కంటి పక్కన మత్తు సూది వేయవలసి వస్తేనూ, వార్ఫరిన్ వంటివి వాడేవారికీ రక్తపరీక్ష చూసి నిర్ణయించేది డాక్టరు, ఇంటి పెద్దలు కారు. స్టెంటు ఉన్న మనిషి ఈ మందు ఆపితే కంటికంటే ముందు గుండె ఆగే ప్రమాదం ఉంది.

అందుకే మందుల పేర్లు నోటితో చెప్పించడం కాదు, బిళ్లల అట్టలన్నీ సంచిలో వేసుకుని రమ్మనాలి. మా అక్కగారి ఇంట్లో మందులన్నీ ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. బావగారి అనుభవం తరువాత ఆ డబ్బాను బల్ల మీద బోర్లిస్తే అందులో పదకొండు రకాలు తేలాయి. వాటిలో మూడు ఎందుకు వేసుకుంటున్నారో వేసుకునేవారికే తెలియదు, ఒకటి చుట్టుపక్కల వాళ్లు మంచిదని చెప్పిన ఆయుర్వేదం పొట్లం. మనవడు ఆ పదకొండూ స్కెచ్ పెన్నుతో అట్ట మీద రాసి క్యాలెండరు పక్కన మేకుకు తగిలించాడు. అక్కగారి ఆపరేషన్‌కు ఆ అట్టే పట్టుకెళ్లాం. డాక్టరు గారు చూసి, ‘ప్రతివాళ్లూ ఇలా తెస్తే నాకు సగం పని తగ్గుతుంది’ అన్నారు.

అయినా అక్కగారి ఆపరేషన్ మొదటి తేదీన జరగలేదు. ఆమెకు షుగరు ఇరవై ఏళ్లుగా ఉంది. కనుమ వెళ్లిన మూడో రోజుకు తేదీ ఇచ్చారు. ‘ఉదయం ఏమీ తినకుండా రండి’ అన్నారు తప్ప, షుగరు బిళ్ల వేసుకోవాలో వద్దో, ముందు నాలుగు రోజులు ఎలా ఉండాలో ఎవరూ చెప్పలేదు. ఆమె బిళ్లా వేసుకోలేదు, అంతకు ముందు పండగ అరిసెలూ వదల్లేదు. అక్కడ వేలు గుచ్చి చూస్తే 312. వెనక్కి పంపేశారు. యాభై కిలోమీటర్లు కారు మాట్లాడుకుని వెళ్లి, పరగడుపున మధ్యాహ్నం దాకా కూర్చుని, తల దించుకుని తిరిగి వచ్చింది. షుగరు అదుపులో లేకుండా కన్ను కోస్తే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి వాయిదా వేయడం తప్పు కాదు. తేదీ ఇచ్చిన రోజే చెప్పకపోవడం తప్పు. దీనికి వ్యతిరేకంగా జరిగేది మరింత భయపెట్టేది: బిళ్ల మామూలుగా వేసుకుని, అన్నం మాత్రం మానేసి వచ్చి, కుర్చీలోనే చెమటలు పట్టి పడిపోయేవారు ఉంటారు. తినాలా మానాలా అన్నది ఇచ్చే మత్తును బట్టి మారుతుంది, చుక్కల మత్తయితే తేలికపాటి ఫలహారం తినమనే ఆసుపత్రులూ ఉన్నాయి. కాబట్టి పక్కింటివారి అనుభవం మన ఇంట్లో పనికిరాదు, మన ఆసుపత్రి మన డాక్టరు రాసి ఇచ్చిందే పనికివస్తుంది. షుగరు ఉన్నవారికి ఇంకో సంగతి కూడా ముందే తేలాలి. రెటీనాకు షుగరు దెబ్బ తగిలిందా లేదా అన్నది శుక్లం తీయకముందే చూడాలి, శుక్లం దట్టంగా ఉండి లోపలికి కనపడకపోతే స్కానింగు చేసి చూడాలి. అది చూసి చెప్పని చోట, ఆపరేషన్ తరువాత చూపు సగమే వస్తే, ఆ సగానికి కారణం ఆపరేషనే అని జీవితాంతం నమ్ముతారు.

ఇప్పుడు లెన్సు సంగతి. మా నాయనమ్మకు నా చిన్నప్పుడు శిబిరంలో శుక్లం తీశారు. ఆ రోజుల్లో లోపల లెన్సు పెట్టేవారు కాదు. తీసేసి, కట్టు విప్పాక, అందరికీ ఇంచుమించు ఒకే పవరున్న సోడాబుడ్డి కళ్లజోళ్లు పంచేవారు. ఆ అద్దాల వెనక ఆమె కళ్లు కోడిగుడ్లంత కనిపించేవి, గడప ఎంత ఎత్తుందో అంచనా తెలియక రెండుసార్లు పడింది. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లోనే కంటిలో లెన్సు అమర్చినా, మన పల్లెల దాకా అది రావడానికి చాలాకాలం పట్టింది. ప్రపంచ బ్యాంకు సాయంతో 1994లో ఏడు రాష్ట్రాల్లో మొదలైన శుక్లాల పథకంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉండడం, మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వారి ఆరోల్యాబ్ తక్కువ ధరకు లెన్సులు తయారు చేయడం వంటివి కలిసివచ్చాక గానీ సోడాబుడ్లు వెనకబడలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నాయనమ్మ కాలంలో కన్ను కొలవవలసిన పని అంతగా లేదు, ఇప్పుడు కొలతే ప్రాణం. కంటి నిడివి మామూలుగా ఇరవై మూడు, ఇరవై నాలుగు మిల్లీమీటర్లుంటుంది. ఆ నిడివి కొలవడంలో ఒక్క మిల్లీమీటరు పొరపాటు వస్తే లెన్సు పవరు దాదాపు రెండున్నర డయాప్టర్లు (కళ్లజోడు పవరును చెప్పే కొలమానం ఇదే) తప్పుతుంది. లెక్కల మాస్టారుకు ఇంతకంటే భయం కలిగించే వాక్యం ఉండదు.

ఆ కొలత సరిగా రావడం యంత్రం మీద ఎంత ఆధారపడుతుందో రోగి మీదా అంతే ఆధారపడుతుంది. కళ్లు పొడిబారి ఉంటే నల్లగుడ్డు వంపు తప్పుగా నమోదవుతుంది. ముందు దానికి చుక్కలు వాడి, తగ్గాక కొలవాలి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారు డాక్టరు చెప్పినన్ని రోజులు ముందు వాటిని మానేయాలి. వయసులో ఉన్నప్పుడు కళ్లజోడు వదిలించుకోవడానికి లేజరు చేయించుకున్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి, దొరికితే ఆనాటి కాగితాలు తీసుకెళ్లాలి, ఎందుకంటే లెన్సు పవరు లెక్కగట్టే మామూలు సూత్రం వారి కంటికి సరైన జవాబు ఇవ్వదు. నా కొలత రోజున ముందు వరుసలో ఒకావిడ కన్ను కదిపితే టెక్నీషియను విసుక్కున్నాడు. ఆమెకు చెవుడు అని ఆమె కూతురు తరువాత చెప్పింది. ఆ చెవుడు సంగతి రేపు థియేటరులో ‘లైటు వైపే చూడండమ్మా’ అనే డాక్టరుకు అంతకంటే ముఖ్యం, కానీ ఆ సంగతి రాసుకోవడానికి ఆ ఆసుపత్రి కాగితాల్లో గడి లేదు.

కొలత అయ్యాక కౌన్సెలింగు గదిలోకి పంపుతారు. ఆ గదిలో నాకు గడిచిన సమయాన్ని అలవాటు కొద్దీ గడియారంలో చూసుకున్నాను: లెన్సుల ధరల పట్టిక వివరించడానికి పదహారు నిమిషాలు, నా మందుల గురించి అడగడానికి నిమిషం లోపు. ధర చెప్పవద్దని నేను అనను. అయితే రంగురంగుల అట్ట మీద ఒకదాని కంటే ఒకటి ఖరీదైన ప్యాకేజీలు చూపిస్తూ ‘మీకు ఏది కావాలి సార్’ అని అడిగే ముందు, ‘మీరు రోజంతా ఏం చేస్తారు’ అని అడగాలి కదా. ఒకే దూరానికి పనిచేసే మామూలు లెన్సును సాధారణంగా దూరపు చూపుకు సరిపెడతారు. అప్పుడు పేపరు చదవడానికి కళ్లజోడు కావాలి. రోజంతా కుట్టుమిషను ముందు కూర్చునేవారు, నగలు చేసేవారు, పుస్తకం వదలనివారు దగ్గర చూపుకే సరిపెట్టమని, దూరానికి జోడు పెట్టుకుంటామని అడగవచ్చు. ఈ వెసులుబాటుకు ఒక్క రూపాయి అదనంగా కాదు, కానీ ఆ పట్టికలో ఈ వరుస లేదు. దూరానికీ దగ్గరకూ పనిచేసే ఖరీదైన లెన్సుల వల్ల జోడు అవసరం చాలావరకు తగ్గే మాట నిజమే. రాత్రిపూట ఎదురు లైట్ల చుట్టూ వలయాలు కనిపించడం, మసక వెలుగులో స్పష్టత కొంత తగ్గడం కూడా నిజమే, రాత్రి బండి నడిపేవారికి ఇది ముందే చెప్పాలి. రెటీనా దెబ్బతిన్నవారికీ, నీటికాసులు (గ్లాకోమా) బాగా ముదిరినవారికీ అవి తగవని చెప్పే డాక్టర్లు ఉన్నారు. నేను మామూలు లెన్సే పెట్టించుకున్నాను. దానికి నాకు విచారం లేదు. లెన్సు పెట్టె మీద పవరు, సీరియల్ నంబరు, గడువు తేదీ ఉన్న స్టిక్కరు ఉంటుందనీ, దాన్ని మన కాగితాల మీద అంటించి ఇమ్మని అడగవచ్చనీ పాఠకులు గుర్తుంచుకుంటే మంచిది. ఆరోగ్య బీమా ఉన్నవారు తేదీ తీసుకోక ముందే పాలసీ చూసుకోవాలి. చాలా పాలసీల్లో శుక్లానికి రెండేళ్ల వేచివుండే గడువూ, ఒక్కో కంటికి ఇంతకు మించి ఇవ్వబోమనే పరిమితీ ఉంటాయి.

చెప్పవలసిన చిన్న సంగతులు ఇంకా ఉన్నాయి, చిన్నవే గానీ ఆపరేషన్‌ను ఆపగలిగినవి. కన్నీటి గొట్టం మూసుకుపోయి కంటి మూల నొక్కితే చీము వచ్చేవారికి ముందు దానికి వైద్యం చేయాలి, అందుకే సన్నటి సూదితో నీళ్లు పంపి గొంతులోకి దిగుతున్నాయో లేదో చూస్తారు. ‘నోట్లోకి ఉప్పగా వచ్చిందా’ అని అడిగితే కంగారుపడి రానిదానికి వచ్చిందనకూడదు. రెప్పల అంచున పొలుసులు, కురుపులు ఉన్నా, పంటి చిగురు వాచినా, దగ్గు జలుబు తగలినా చెప్పాలి. దగ్గేవారూ ఆయాసం ఉన్నవారూ ఇరవై నిమిషాలు వెల్లకిలా, దిండు లేకుండా, ముఖం మీద గుడ్డ కప్పుకుని పడుకోగలరో లేదో ఇంట్లోనే రెండు రోజులు చూసుకోవాలి. ముందు రోజు తలస్నానం తప్పనిసరి, ఎందుకంటే తరువాత కొన్ని రోజులు తల మీద నీళ్లు పోసుకోనివ్వరు. తలకు నూనె, కంటికి కాటుక, ముఖానికి పౌడరు ఆ ఉదయం పనికిరావు. అయొడిన్ పడనివారు ఆ మాట గట్టిగా చెప్పాలి, థియేటరులో కన్ను శుభ్రం చేసేది ఆ మందుతోనే. ఇక చుక్కలు. ఆపరేషన్ తరువాత వారాల తరబడి రోజుకు ఆరుసార్ల నుంచి తగ్గిస్తూ చుక్కలు వేయాలి. ఎవరు వేస్తారు, సీసా మొన రెప్పకు తగలకుండా వేయడం వారికి చేతనవునా అన్నది ఆపరేషన్ అయ్యాక ఆలోచించుకునే సంగతి కాదు. మా ఆవిడ వారం ముందు నుంచి నాకు కళ్లు పొడిబారకుండా వేసే చుక్కలతో సాధన చేసింది. మొదటి రోజు నాలుగింటిలో మూడు నా చెవిలో పడ్డాయి.

నమ్మకాల గురించి ఎక్కువ రాయను. శుక్లం ముదరాలి, పండాలి అన్న మాట మా నాయనమ్మ కాలపు ఆపరేషన్‌కు సరిపోయిన మాట. ఇప్పుడు బాగా ముదిరి గట్టిపడితేనే తీయడం కష్టం, మరీ వదిలేస్తే ఉబ్బి కంట్లో ఒత్తిడి పెరిగి నొప్పితో చూపు పోవచ్చు. చలికాలం దాకా ఆగడం కూడా ఏసీ థియేటర్లు లేని రోజుల సంగతే. అమావాస్య కాకుండా చూసుకుంటామంటే నాకు అభ్యంతరం లేదు, అది ఒక్క రోజే కాబట్టి. అనవసరంగా చేయించే పరీక్షల గురించి మాత్రం ఒక మాట: ఒంట్లో ఏ జబ్బూ లేనివారికి కూడా అందరికీ ఒకటే మూకుమ్మడి పరీక్షల ప్యాకేజీ రాయడం వల్ల ఈ ఆపరేషన్ మరింత భద్రంగా జరుగుతుందనేందుకు ఆధారం లేదని తేల్చిన, 18 వేలకు పైగా రోగులపై జరిపిన పరిశీలనను 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రిక ప్రచురించింది. షుగరూ బీపీ చూడవద్దని దాని అర్థం కాదు. రోగిని తీరిగ్గా అడగవలసిన ప్రశ్నలకు బదులుగా రక్తపు సీసాలు పనిచేయవని అర్థం.

ఇవన్నీ డబ్బు కట్టే ఆసుపత్రుల సంగతులు. మా ఇంట్లో పని చేసే ఆవిడ తన అత్తగారిని ఒక ధర్మాసుపత్రి వారి బస్సులో తీసుకెళ్లింది. ముందు రోజు సాయంత్రం అక్కడ నలభై మంది ముసలివాళ్లను చాపల మీద కూర్చోబెట్టి, ఒక నర్సమ్మ మైకు పట్టుకుని, ‘పొద్దున షుగరు బిళ్ల ఎవరు వేసుకుంటారు, చెయ్యెత్తండి, గుండె బిళ్ల ఎవరు వేసుకుంటారు, ఉచ్చ సరిగా రావడానికి బిళ్ల ఎవరు వేసుకుంటారు, సిగ్గుపడకండి’ అని ఒక్కొక్కటీ అడిగి, చెయ్యెత్తినవారి చొక్కాకూ చీరకూ రంగు చీటీ గుచ్చిందట. ఉచ్చ బిళ్ల అన్న మాటకు అందరూ నవ్వారట, ఆరుగురు చేతులెత్తారట. నేను కట్టిన డబ్బుకు నాకు ఆ ప్రశ్న దొరకలేదు. మన తెలుగులో, మన మాటతో అడిగితే ఎంత పని జరుగుతుందో చెప్పడానికి ఆ ఆరు చేతులు చాలు.

దేశంలో యాభై ఏళ్లు దాటినవారిలో అంధత్వానికి 66.2 శాతం కారణం శుక్లాలేనని 2015-19 జాతీయ సర్వే తేల్చింది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, మళ్లీ 2023 జనవరి 18న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న కంటి వెలుగు పేరుతో ఉచిత కంటి పరీక్షలు మొదలుపెట్టారు. లక్షల మంది కళ్లు చూడగలిగిన రెండు ప్రభుత్వాలకు, ఒక నాలుగు పేజీల తెలుగు కరపత్రం పెద్ద అక్షరాల్లో అచ్చువేసి ప్రతి కంటి ఆసుపత్రికీ పంపడం పెద్ద పని కాదు. అంగీకారం అంటే ఏమిటో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరి 16న చెప్పింది: చికిత్స ఏమిటి, ఎందుకు, లాభమేమిటి, ప్రమాదమేమిటి, వేరే మార్గాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి తగినంతగా చెప్పాకే అది అంగీకారం అవుతుంది. కనుపాప విచ్చుకుని అక్షరం ఆననివాడి ఒళ్లో ఇంగ్లీషు కాగితం పెట్టి తీసుకున్న సంతకం ఆ లెక్కలో ఎక్కడ నిలుస్తుందో ఆసుపత్రుల యాజమాన్యాలే ఆలోచించాలి.

నేను కోరేది కొద్దిదే. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చిన రోజునే అంగీకార పత్రం, మందుల ప్రశ్నావళి, ముందు రోజుల జాగ్రత్తలు తెలుగులో రోగి చేతికి ఇచ్చి ఇంటికి పంపాలి. ఇంట్లో చదువుకున్నవారెవరో ఒకరు చదివి వినిపిస్తారు, సందేహాలు రాసుకుంటారు, బిస్కెట్ల డబ్బా బోర్లిస్తారు. ఆపరేషన్ రోజున చుక్కల సీసా మూత తీయకముందే ఆ పత్రం తిరిగి తీసుకోవాలి. ఉర్దూ మాట్లాడేవారికి ఉర్దూలో, సరిహద్దు జిల్లాల్లో కన్నడ, ఒడియా, తమిళాల్లో ఇవ్వగలిగితే మరీ మంచిది. మీ పత్రిక ఆదివారం అనుబంధంలో అటువంటి ప్రశ్నావళిని కత్తిరించి దాచుకునేలా ఒక్కసారి ప్రచురిస్తే, ఆసుపత్రులు మేలుకునే దాకా అది మా వంటివారికి పనికివస్తుంది.

నా రెండో కంటికి వచ్చే నెల పదకొండున తేదీ ఇచ్చారు. అంగీకార పత్రం ఇప్పుడే ఇవ్వండి, చదువుకుని తెస్తానని కౌంటరులో అడిగాను. ‘అది ఆ రోజే ఇస్తాం సార్, ముందు ఇచ్చే అలవాటు లేదు’ అన్నారు. సోమవారం మళ్లీ వెళ్లి అడుగుతాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా